ఎండా ఉండాలి, మంచూ ఉండాలి

పాలకొల్లు,
14-9-1981

బావమరిది అప్పాజీకి,

నాలుగు నెలలుగా ఉత్తరం రాయనందుకు ముందు నన్ను కాసేపు తిట్టుకో. అయిందా? ఇక అసలు సంగతికి వస్తాను.

వచ్చే చలికాలం నేనూ మీ అక్కయ్యా మంచుకొండలకి వస్తున్నాం. దూరంనుంచి దండం పెట్టుకుని వెళ్ళిపోవడానికి కాదు. వారం పది రోజులుండి, కాళ్ళకి స్కీలు కట్టుకుని జారడానికి. జారేది నేనూ, నువ్వూ. మీ అక్కయ్య కుర్చీలో కూర్చుని నిన్ను చూస్తుందట. ఏడేళ్ళనుంచీ నువ్వు రాసిన ఉత్తరాలన్నీ రేకుపెట్టెలో దాచింది. ఆదివారం కొండమీంచి జారావని ఒకటి, గాలికంటే ముందు దిగావని ఒకటి, స్కీ క్లబ్బుకి నిన్ను సెక్రటరీని చేశారని ఒకటి. మా వీధిలో అందరికీ అవి నోటికొచ్చు.

చోటు నువ్వే చూడాలి. నావి రెండే షరతులు. రోజూ ఎండ ఉండాలి. మంచూ తప్పకుండా ఉండాలి. తీరా మేం వచ్చాక "అయ్యో, మొన్ననే కరిగిపోయిందండీ" అంటే ఒప్పుకోను. ఈ రెండూ ఎందుకని మాత్రం అడక్కు. మన ఇత్తడి కొట్టుకి వచ్చినవాణ్ణి బిందె ఎందుకయ్యా అని నేను ఏనాడూ అడగలేదు.

మీనాకుమారికి మా దీవెనలు. అక్కయ్య కులాసాగానే ఉంది.

జోగేశ్వరరావు


కాల్కా,
25-9-1981

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రైల్వే పార్సిల్ ఆఫీసులో నిలబడి చదివాను. తరవాత కూర్చుని ఇంకోసారి చదివాను.

మీరు వస్తానంటే సంతోషమే. కానీ ఈ రంగంలో అనుభవం ఉన్నవాడిగా నిజం చెప్పాలి కదండీ. మీ రెండు షరతులకీ ఒకదానితో ఒకదానికి పడదు. గుల్మార్గ్ ఉందనుకోండి, మంచుకి లోటు లేదు, నిలువెత్తు పడుతుంది. కానీ అది పడేటప్పుడు సూర్యుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. సిమ్లా పక్కన కుఫ్రీ ఉంది. ఎండ దివ్యంగా కాస్తుంది, ఆ ఎండకే మంచు నిలవదు. మనాలి దగ్గర సోలంగ్‌లో రెండూ ఉంటాయి గానీ అక్కడికి వెళ్ళే దారి ఉండదు. మూసేస్తారు.

నా సలహా ఏంటంటే, పూరీ వెళ్ళిరండి. అక్కయ్యకి సముద్రమంటే ఇష్టం కదా.

అప్పాజీ


పాలకొల్లు,
8-10-1981

అప్పాజీకి,

సముద్రం చూడాలంటే నరసాపురం బస్సెక్కితే చాలు, పూరీ దాకా ఎందుకు? అక్కయ్యకి నీ సలహా చదివి వినిపించాను. గోడకేసి తిరిగి పడుకుంది.

నేను ఊరుకోలేదు. టూరిజం ఆఫీసులకి కార్డులు రాసి రంగుల కాగితాలు తెప్పించాను. కౌంటరు మీద పరిచి, బిందెని వేలితో కొట్టి మోత విన్నట్టు ఒక్కొక్కదాన్నీ పరీక్షించాను. గుల్మార్గ్ బొమ్మలో మనుషులందరికీ మెడ దాకా టోపీలు. ఎండ ఉన్నచోట అన్ని టోపీలు అవసరం లేదు. కొట్టేశాను. కుఫ్రీ బొమ్మలో మంచుకంటే గుర్రాలు ఎక్కువున్నాయి. అదీ కొట్టేశాను. అన్నిటికంటే సన్నటి కాగితంలో నార్కండ అని ఒక ఊరు కనిపించింది. సిమ్లా దాటి నలభై మైళ్ళట, తొమ్మిదివేల అడుగుల ఎత్తట. స్కీ కూడా నేర్పుతారట. దీని సంగతి నువ్వు రాయలేదేం?

ఇంకో సందేహం. నువ్వు ప్రతి ఆదివారం జారేది మీ ఊళ్ళోనే కదా. మరి ఏ కాగితంలోనూ కాల్కా పేరు లేదేంటి?

జోగేశ్వరరావు


కాల్కా,
20-10-1981

బావగారికి,

కాల్కా చిన్న ఊరండి. పైగా ఈమధ్య మంచు తగ్గింది. అందుకని వేసి ఉండరు.

నార్కండ గురించి కనుక్కుంటాను. అయితే ఒక ముఖ్యమైన విషయం మరిచాను. ముందుగా సాధన లేనివాళ్ళని మంచుమీద అడుగు పెట్టనివ్వరు. కనీసం రెండు నెలలు మోకాళ్ళు వంచి జారడం అలవాటు చేసుకోవాలి. మన డెల్టాలో కొండలు లేవు కదా. మీకు యాభై రెండు నిండాయి కూడాను. ఈ సంవత్సరానికి వదిలేసి నిదానంగా ఆలోచిద్దాం.

అప్పాజీ


పాలకొల్లు,
22-11-1981

అప్పాజీకి,

కొండ దొరికింది. జీవరాజుగారి రైసుమిల్లు వెనకాల ఊక గుట్ట. రెండు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. ఇక స్కీలంటావా, నరసాపురంలో పడవలు చేసే సామ్యేలుకి బొమ్మ చూపించాను. అతను బొమ్మని తిరగేసి మరగేసి చూసి, "ఇది పడవేనండి బాబూ, నీళ్ళు గట్టిపడ్డాయంతే" అన్నాడు. టేకు బద్దలు చిత్రిక పట్టి, ముందు భాగం పడవ ముక్కులా పైకి వంచి తెచ్చాడు. ఊతకి రెండు వెదురు కర్రలు.

నిన్న ఉదయం మిల్లు వాళ్ళంతా చూస్తుండగా గుట్ట ఎక్కాను. ఎక్కడానికే గంట పట్టింది. నువ్వు చెప్పినట్టు మోకాళ్ళు వంచాను. జారలేదు. దిగబడ్డాను. నడుం దాకా ఊకలోకి దిగిపోయి, చేతుల్లో కర్రలతో, పొలంలో దిష్టిబొమ్మలా నిలబడిపోయాను. సామ్యేలూ, మిల్లు కూలీలూ తాడు వేసి లాగారు. అప్పుడు జారాను, తలకిందుగా. ఒంటినిండా ఊక, నోటినిండా ఊక, మూడు సబ్బులరగదీసినా పోని దురద.

అలాగే ఇంటికి వస్తే మీ అక్కయ్య వరండాలో కూర్చుని ఉంది. నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏంటండీ ఈ అవతారం?" అంది. చెప్పాను. నవ్వింది, అప్పాజీ. కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నేను గుమ్మంలో నిలబడి గోక్కోవడం కూడా మరిచిపోయి ఆవిణ్ణే చూశాను. ఎనిమిది నెలలయింది, ఆవిడ నవ్వగా చూసి.

నీకు చెప్పకుండా దాచిన మాట ఇక చెప్పాలి. మార్చిలో అక్కయ్యకి పెద్ద ఆపరేషనయింది. గర్భసంచి తీసేశారు. మూడో రోజు జ్వరం ముదిరింది. అయినవాళ్ళకి కబురు పెట్టుకోమన్నాడు డాక్టరు. నీకు టెలిగ్రాం ఇద్దామని కాగితం తీశాను. ఆ జ్వరంలోనే నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "వద్దండీ. అక్కడింకా మంచు పడుతుందట. వాడు కంగారుగా కొండ దిగుతూ ఎక్కడైనా జారిపడితే? నేను బాగుపడ్డాక రాద్దురుగాని" అంది. ఆవిడ మాట విన్నాను.

బతికింది. కానీ మనిషి మునపటిలా లేదు. మాట తగ్గిపోయింది. తిండి తగ్గిపోయింది. తడిగాలి తగలకూడదు, మంచి ఎండ ఉన్నచోటికి తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. "ఎక్కడికెళ్దాం రత్నమాణిక్యం?" అని అడిగితే, "మా తమ్ముడు జారే కొండకి" అంది. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఎండ డాక్టరు అడిగాడు, మంచు ఆవిడ అడిగింది. నా షరతులు రెండూ ఇవే.

జోగేశ్వరరావు


కాల్కా,
1-12-1981

బావగారికి,

ఈ ఉత్తరం అక్కయ్య కంట పడనివ్వకండి.

కాల్కాలో మంచు పడదు. ఎప్పుడూ పడలేదు. ఇది కొండకింద ఊరు. మా క్వార్టర్ల వెనక మామిడిచెట్లున్నాయి. మే నెలలో మన పాలకొల్లుకంటే ఎక్కువ ఉడుకుతుంది. నేను స్కీ కట్టలేదు. మంచుమీద కాలు పెట్టలేదు. స్కీ క్లబ్బు లేదు.

మొదట్లో ఒకసారి సిమ్లా వెళ్ళే పార్సిళ్ళలో గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి బద్దలు వచ్చాయి. వాటికి చీటీలు అంటించాను. ఆ రోజు అక్కయ్యకి "స్కీలు చూశాను" అని రాశాను. అది నిజమే. "నువ్వూ జారావా తమ్ముడూ?" అని అడిగింది. అవునని రాశాను. ఆవిడ సంతోషించింది. ఆ తరవాత ఆపడం చేతకాలేదు.

ఆఫీసరునై తిరిగొస్తానని స్టేషన్లో అందరిముందూ చెప్పి వచ్చాను. డిపార్ట్‌మెంటు పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇప్పటికీ పార్సిల్ క్లర్కునే. ఆ మొహంతో రాలేక, చలికాలంలో దారులు మూసేస్తారని రాసేవాణ్ణి. నాలుగేళ్ళు అదే రాశాను. మార్చిలో అక్కయ్య నన్ను పిలవకపోవడానికి కారణం ఆ మంచే అయితే, బావగారూ, అది నేను కురిపించిన మంచు. మీ ఉత్తరం చదివినప్పటినుంచీ మీనాకుమారి నాతో మాట్లాడటం లేదు. నేను మీకు ఇలా రాస్తున్నానని ఆవిడకీ ఇప్పుడే తెలిసింది.

నన్నేం చెయ్యమంటారో చెప్పండి.

అప్పాజీ


పాలకొల్లు,
10-12-1981

అప్పాజీకి,

నీ ఉత్తరం చదివి చింపేశాను. తరవాత కొట్టులో ఒక గంగాళం సొట్టలు తీస్తానని సుత్తి పట్టుకుని, ఇంకో నాలుగు పెట్టాను.

అక్కయ్యకి నేను చెప్పను. చెప్పాల్సింది నువ్వు, అది ఉత్తరంలో కాదు. ఫిబ్రవరి రెండోవారంలో బయల్దేరుతున్నాం. నీకు రెండు నెలలుంది. సెలవు పెట్టు. కాగితాలు చూసి కాదు, నీ కాళ్ళమీద వెళ్ళి కళ్ళతో చూసి, ఎండా మంచూ రెండూ ఉన్న చోటు తేల్చు. తేల్చాక అక్కడే ఉండి జారడం నేర్చుకో. ఆవిడ చూడటానికే వస్తోంది.

ఊకలో నేను పడ్డాను. మంచులో నువ్వు పడలేవూ?

జోగేశ్వరరావు


నార్కండ,
17-1-1982

బావగారికి,

చోటు తేలింది.

ముందు కుఫ్రీ వెళ్ళాను. మీరన్నది నిజం. గడ్డి బయటపడి ఉంది, దానిమీద గుర్రాలు మేస్తున్నాయి. అక్కణ్ణుంచి బస్సులో నార్కండ వచ్చాను. ఇక్కడి కిటుకు ఏ కాగితంలోనూ లేదు. ఊరు కొండ నడినెత్తిన, వెన్నెముక మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఒక పక్క ఉత్తరం వాలు. దేవదారు చెట్ల నీడలో అక్కడ మంచు కదలదు. రెండో పక్క దక్షిణం. రెస్ట్‌హౌస్ వరండా అటు తిరిగి ఉంది. పొద్దున్న ఎనిమిదినుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఒళ్ళు కాగే ఎండ. రోడ్డు దాటితే మంచు, ఇవతలికి వస్తే ఎండ. వారం రోజులు గడియారం పెట్టుకుని చూశాను. ఒక్కరోజే మబ్బేసింది. మీ షరతులు రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుకోకుండా కాపరం చేస్తున్న ఊరు ఇదొక్కటే.

ఇక నా చదువు. క్లాసులో అందరూ కాలేజీ పిల్లలు. నన్ను అంకుల్ అంటున్నారు. మొదటిరోజు నిలబడటం నేర్పారు. నాకది మూడురోజులు పట్టింది. నాలుగో రోజు జారాను. ఆగడం అయిదో రోజు పాఠం, అది నాకు ముందు తెలీదు. మాస్టారు కొండమనిషి, తక్కువ మాట్లాడతాడు. నన్ను మంచులోంచి లాగి, "బాబూజీ, చెట్టుకి దారివ్వండి. అది పక్కకి తప్పుకోదు" అన్నాడు.

ఇప్పుడు తిన్నగా జారగలను. పదింట నాలుగుసార్లు ఆగగలను. ఫిబ్రవరికి ఆరుసార్లు ఆగుతాను.

అప్పాజీ


పాలకొల్లు,
29-1-1982

అప్పాజీకి,

నార్కండ ఖాయం. కాని నేను రావడం లేదు. ఊక గుట్టమీద ఇరవైసార్లు పడ్డాను, గోరు కూడా ఊడలేదు. మొన్న మన కొట్టు మెట్టు ఒక్కటి, రోజూ దిగే మెట్టు, దిగుతూ మడమ విరిచాను. మోకాలి దాకా కట్టు. ఆరువారాలు కదలకూడదట.

ప్రయాణం మానేద్దామన్నాను. మీ అక్కయ్య, "మీరు మానండి" అంది. అంతే. ట్రంకుపెట్టె దింపి బట్టలు సర్దుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తోడుగా సామ్యేలూ, వాళ్ళావిడ సత్యకుమారీ వస్తున్నారు. సామ్యేలే అడిగాడు. "నేను చేసిన బద్దలు మంచుమీద ఎలా నడుస్తాయో చూసుకోవద్దాండీ నేను?" అన్నాడు. ఆ బద్దలు కూడా వస్తున్నాయి. కాల్కా స్టేషనులో దింపుకో.

అక్కడ ఏం జరిగితే అది, జరిగినట్టు రాయి. అలంకారాలు వద్దు.

జోగేశ్వరరావు


నార్కండ,
17-2-1982

బావగారికి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అక్కయ్య కాల్కాలో రైలు దిగినప్పుడు నేను గుర్తుపట్టలేదు. అంత చిక్కిపోయింది. నా బుగ్గ తడిమి, "మంచులో తిరిగేవాడివి, ఇంత నల్లబడ్డావేంటిరా?" అంది. అప్పుడే చెబుదామనుకున్నాను. పెట్టె దింపుకున్నాను.

ఈ ఉదయం అందరం వాలు దగ్గరికి వెళ్ళాం. మంచి ఎండ. కింద కుర్చీ వేసి, శాలువా కప్పి అక్కయ్యని కూర్చోబెట్టాం. నేను అద్దెకి తీసుకున్న స్కీలు కట్టుకుంటుంటే సామ్యేలు మొహం చిన్నబోయింది. "ఇంతదూరం మోసుకొచ్చానండి" అన్నాడు. సరేనని అతని టేకు బద్దలే కట్టుకుని పైకెక్కాను. వాటికి అడుగున పడవకి పూసినట్టు అయిదురోజులు నూనె పట్టించాడని నాకు తెలీదు.

జారాను. బావగారూ, అవి బద్దలు కావు. కళ్ళల్లో నీళ్ళు, చెవుల్లో ఈల. ఆగడానికి నేర్చుకున్నదంతా చేశాను. అవి వినలేదు. నేరుగా అక్కయ్యమీదికే వెళ్తున్నాను. "తప్పుకో అక్కా!" అని అరిచాను. సత్యకుమారి కుర్చీతో సహా అక్కయ్యని పక్కకి లాగింది. నేను వాళ్ళని దాటి, రోడ్డు దాటి, టీ దుకాణంవాడు ఎండబెట్టుకున్న దుప్పట్లలోకి వెళ్ళి ఆగాను. అతను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

దుప్పటి తీసి చూస్తే అక్కయ్య నా ముందుంది. పరిగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది.

"దెబ్బ తగిలిందా?"

"లేదక్కా."

"ఏడేళ్ళనుంచీ ఇలాగేనా నువ్వు జారడం?"

అక్కడే, ఆ దుప్పట్లలో కూర్చునే చెప్పాను. అంతా చెప్పాను. మామిడిచెట్లు, పరీక్ష, చీటీలు, మూతపడని దారులు. మార్చి నెల సంగతి మీరు రాశారని కూడా చెప్పాను. అక్కయ్య అడ్డు చెప్పకుండా వింది. సామ్యేలు తలొంచుకుని బద్దలు తుడుస్తున్నాడు.

అప్పుడంది: "అబద్ధాలాడావని నాకు కోపం లేదురా. చిన్నప్పటినుంచీ ఆడేవాడివే. ఆ హాస్పిటల్లో మూడు రోజులు, వాడు ఏ కొండమీద ఇరుక్కుపోతాడో అని నీకోసం భయపడ్డాను. నా గురించి భయపడాల్సిన టైములో నీ గురించి భయపడ్డాను. అదిరా నాకు కోపం."

నేను ఏడ్చాను. అలంకారం కాదు, నిజంగానే ఏడ్చాను.

ఆవిడ రోడ్డు దాటి మాస్టారు దగ్గరికి వెళ్ళింది. అద్దె స్కీలవైపు వేలు చూపించి, "నాకు" అంది తెలుగులో. ఆయనకి అర్థమైంది. నేనూ సత్యకుమారీ వద్దు వద్దన్నాం. డాక్టరు పేరెత్తాను. "ఎండలో తిరగమన్నాడు, తిరుగుతున్నాను" అంది. చీర కింద మీనాకుమారి ఇచ్చిన ఉన్ని పంట్లాం ఉంది. కుచ్చెళ్ళు ఎగదోపి స్కీలు కట్టుకుంది. మాస్టారు మెత్తటి వాలు చూసి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

మూడుసార్లు పడింది. పడ్డప్పుడల్లా నేను పరిగెత్తబోతే కర్ర చూపించి ఆగమంది. నాలుగోసారి ఎర్రచీర, ఆకుపచ్చ స్వెట్టరు, నిదానంగా, నిటారుగా వాలు దిగి వచ్చింది. నలభై గజాలుంటుంది. వచ్చి, మా ముందు ఆగింది. నేను నెలరోజుల్లో నేర్చుకోలేని ఆగడం అది. మాస్టారు మొదటిసారి నవ్వాడు. సామ్యేలు, "ఆయ్! అమ్మగారు రేవులో పడవ కట్టినట్టు ఆపారండి!" అన్నాడు.

మధ్యాహ్నం ఎండలో కూర్చుని నాలుగు రొట్టెలు తింది. లెక్క తప్పు కాదు, సత్యకుమారి సాక్షి. నాతో మాత్రం ఇంకా మాట్లాడలేదు. రేపు మళ్ళీ జారుతుందట.

అప్పాజీ


పాలకొల్లు,
12-3-1982

తమ్ముడు అప్పాజీకి అక్కయ్య రత్నమాణిక్యం రాస్తున్నది.

క్షేమంగా చేరాం. మీ బావ కట్టు విప్పేశారు. కర్ర పట్టుకుని నడుస్తూ, వచ్చినవాళ్ళందరికీ నేను దిగిన కొండ ఎత్తు పెంచుతున్నారు. నిన్నటికి ఇంద్రకీలాద్రి దాటింది. ఆయన్ని నేను ఆపడం లేదు. వచ్చే సంవత్సరం ఆయన్నీ తీసుకెళ్తాను. ఊకలో జారినవాడికి మంచొక లెక్కా అంటున్నారు. చూద్దాం.

నాకు బాగానే ఉంది. పొద్దున్న కాలవగట్టు మీద నడుస్తున్నాను. మధ్యాహ్నం కొట్లో కూర్చుంటున్నాను. మోకాళ్ళు ఇంకా నొప్పిగా ఉన్నాయి, కానీ ఈ నొప్పి నాకు బాగుంది.

నువ్వు రెండు ఉత్తరాలు రాశావు, క్షమించావా అక్కా అని. మూడోది రాయకు. మీ బావకి నువ్వు రాసిందాంట్లో ఒక తప్పుంది. మాట్లాడలేదు అన్నావు. బస్సెక్కేటప్పుడు మఫ్లరు కట్టుకోమన్నాను. అది మాటే.

మీనాకుమారి మంచి పిల్ల. దాన్ని ఇంతకాలం మాకు చూపించకుండా ఉంచావు. అదొక తప్పు. పరీక్ష తప్పడం తప్పు కాదు. మూడోసారి రాయి. పాసైతే పాసవుతావు, లేకపోతే పార్సిళ్ళకి చీటీలంటించడమూ ఎవరో ఒకరు చెయ్యాల్సిందే.

నిన్ను తిట్టాల్సింది చాలా ఉంది. ఉత్తరంలో తిడితే నువ్వు మడతపెట్టి జేబులో పెట్టుకుంటావు. మే మొదటివారంలో ఇద్దరూ రండి. నీకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని తిడతాను. అన్నం తింటూ వినాలి, మధ్యలో లేవకూడదు.

రత్నమాణిక్యం